రెండు పడుగులు, రెండు పేకలు

ఫోను మీద ఆ గుర్తు చూపిచ్చి
మా అక్క బిడ్డ స్వప్నిక అడిగింది:
"మామా, ఇదేందో ఎరుకేనా?"
ఎందుకెరుక లేదు.
నిలువుగ రెండు పోగులు, అడ్డంగ రెండు పోగులు.
మగ్గం మీద కూసున్నోనికి
ఇంకోటి ఎట్ల కనబడుతది?

"గది హ్యాష్‌ట్యాగు" అని నవ్వింది.
"దాని ఎనుక ఏ పేరు పెడితె
ఆ పేరు ఎతికేటోళ్లు నీ కాడికి వస్తరు.
మాటకు మాటకు నడుమ సందియ్యద్దు."
సందిస్తె పోగు తెగినట్టేనాయె, అన్న.

ఇగ చూస్కో.
జంపఖానా ఒకటి వాకిట్ల పరిచి
ఫోటో తీసి
కింద ముప్పై పేర్లు కూర్చిన.
ప్రేమ, ప్రకృతి, ఇండియా, శుభోదయం,
క్రికెట్టు సుత.
పెండ్లి పత్రిక మీద
ఒక్క చుట్టం తప్పిపోకుండ అచ్చేయించినట్టు.
పదకొండు లైకులు.
అండ్ల ఏడు మా ఇంటోళ్లవి,
ఒకటి పొరపాటున నేనే నొక్కుకున్నది.

స్వప్నిక తల కొట్టుకుంది.
"ఎనుమాముల మార్కెట్ల, సీజనుల,
నడిమిట్ల నిలబడి 'మిర్చీ' అని ఒర్రితె
ఎవడు తిరిగి చూస్తడు మామా?
నీ బస్తా నీదని తెల్వాలె గద."

ఆ రాత్రి నిద్ర పట్టలే.

మా నాయిన ఓదెలు
నేసిన ప్రతి జంపఖానా మూలకు
నీలం అంచుల ఒక్క ఎర్ర పోగు దాటిచ్చేటోడు.
ఎందుకు నాయినా అంటె చెప్పకపోయేది.
సొసైటీల కుప్పవోసిన వందల్లకెల్లి
మూల పట్టి గుంజి, "ఇది నాది" అనేటోడు.
కొనేటోళ్లకు చదువు రాదు,
ఆయినకు సంతకం రాదు,
ఎర్ర పోగు వచ్చు ఇద్దరికి.

తెల్లారి ముప్పై కొట్టేసి నాలుగే రాసిన.
#కొత్తవాడజంపఖానా
#చేతిమగ్గం
#వరంగల్‌నేత
నాలుగోది స్వప్నిక వద్దన్నా వినలే:
#ఎర్రపోగు

"అదెవ్వడు ఎతుకుతడు మామా?"
ఎవ్వడు ఎతకడు. ఎరుకే.
వచ్చినోడు మల్లొకసారి వస్తె
తోవ తప్పద్దని.

రోజూ పెట్టిన.
అద్దకం గాబుల లేచే ఆవిరి.
కండెలు చుట్టే మా కొమురమ్మ చేతులు,
మొఖం వద్దన్నది.
తెగిన పోగును ముడేసే వేలు,
ఆ ఇరవై సెకండ్లకే
తొమ్మిది వందల మంది ఆగి చూసిన్రు.
ఎందుకో ఇప్పటికి తెల్వది.
అడిగినోళ్లందరికి జవాబు రాసిన, తప్పులతోటే.
హుజురాబాద్ టీచరమ్మ రెండు కొన్నది.
మంచిర్యాలల ఫంక్షన్ హాలాయిన
ఆరు బేరమాడి నాలుగు తీసుకున్నడు.

ఒకనాడు పరకాలకెల్లి ఎవరో ఫోటో పంపింది.
నీళ్ల మోటరు మీద కప్పిన పాత గుడ్డ,
మట్టి, గ్రీజు, ఎలుక కొట్టిన బొక్కలు.
మూలకు, వెలిసి, ఇటుక రంగుకు వచ్చిన ఒక్క పోగు.
"అన్నా, ఇది మీదేనా?"

గంటసేపు ఏం రాయలే.
రాసింది ఒక్కటే: ఔ.

మొన్న ఎవడో మిల్లు సరుకు పెట్టి
కింద మా కొత్తవాడ పేరు తగిలిచ్చిండు.
స్వప్నిక రిపోర్టు కొడుతనన్నది, కొట్టింది.
పేరుకు తాళం ఉండదు బిడ్డా.
నేను ఆ ఫోటోను రెండు వేళ్లతోటి పెద్దగ చేసి
నాలుగు మూలలు చూసిన.
అంతే.

ఇయ్యాల నాలుగు వందల పన్నెండు మంది.
నిన్న పదమూడు.
పోయినోడు ఎవడో ఫోను చెప్పదంట.
బువ్వ తినుకుంట సుత అదే సోంచాయించిన.
మగ్గం మీదైతె
ఏ పోగు తెగిందో చెయ్యికే తెలుస్తది.

"ఎసరు పెట్టి ఎంతసేపాయె, చాయ తాగవా" అన్నది కొమురమ్మ.
ఫోను గోడ మీద బోర్లేసి
గుంటల దిగిన.